తవిటయ్యకు లేని ఎంజైము

గేదెల తవిటయ్య ఒంట్లో ఒక ఎంజైము తక్కువుందని ఆయనకు యాభై రెండో ఏట తెలిసింది. అంతవరకూ ఆ సంగతి తెలియకుండానే పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లల్ని చదివించాడు, ఇరవై ఆరేళ్లు సర్కారు కొలువు చేశాడు. తెలిసిన తర్వాత పద్నాలుగు నెలలపాటు మాత్రం ఆయన వేరే పనేదీ చెయ్యలేకపోయాడు. ఎంజైము తక్కువవడం వల్ల కాదు, ఆ మాట ఆఫీసుకు విన్నవించుకోవడం వల్ల.

ఆ ఆఫీసు పేరు భూపత్రాల భద్రతా శాఖ జిల్లా కార్యాలయం. ఏ జిల్లా అని అడక్కండి; చెబితే మిగతా జిల్లాల వాళ్లు నొచ్చుకుంటారు. తవిటయ్య అక్కడ రికార్డు అసిస్టెంటు. పాతికేళ్లు పై అంతస్తులో తపాలా విభాగంలో కూర్చుని, కిందటేడే కింది రికార్డు గదికి మారాడు. మనిషి నెమ్మదస్తుడు. రూలంటే భక్తి. సంతకం లేని అర్జీని, సంతకం ఉండి తేదీ లేని అర్జీని, రెండూ ఉండి ఊరి పేరు లేని అర్జీని ఆయన లెక్కలేనన్ని సార్లు తిప్పి పంపాడు. ఎండన పడి వచ్చిన రైతులు బతిమాలుకుంటే, నాదేముంది బాబూ, రూలు అలా ఉంది అనేవాడు. అంటున్నప్పుడు నిజంగానే నొచ్చుకునేవాడు కూడా. కానీ తిప్పి పంపేవాడు.

ఆయన కిందికి దిగిన నెలలోనే జిల్లా అధికారిగా వెంపరాల దక్షిణామూర్తి వచ్చాడు. ఏ ఊరికి బదిలీ అయినా ఆ ఊళ్లో ఏదో ఒక ఉద్యమం లేవదీయకుండా ఉండలేని మనిషి ఆయన. పోయిన చోట మొక్కలు, అంతకు ముందు చోట చేతులు కడుక్కోవడం. ఇక్కడ ఆ సంవత్సరాన్ని 'పత్ర పరిరక్షణ వత్సరం'గా ప్రకటించాడు. దుమ్ము రాకుండా రికార్డు గది కిటికీలకు చెక్కలు కొట్టించాడు. పురుగు పట్టకుండా ప్రతి బీరువాలోనూ, ప్రతి అరలోనూ, ప్రతి సొరుగులోనూ నాఫ్తలీన్ ఉండలు పోయించాడు. జనం కలరా ఉండలంటారే, అవే. వారం వారం స్టోర్సు విభాగం వాళ్లు వచ్చి కరిగినవాటి స్థానంలో కొత్తవి పోసి వెళ్లేవారు. ఆ గదిలోకి అడుగుపెడితే కళ్లు మండేవి. పురుగులు నిజంగానే పోయాయి. తర్వాత వంతు తవిటయ్యది.

మూడు వారాలకు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం కాఫీ డికాషను రంగులో వచ్చింది. పచ్చకామెర్లనుకుని భార్య సూరమ్మ వారం రోజులు సెలవు పెట్టించి పసరు పోయించింది. ఆ వారంలో ఆయన బాగానే కోలుకున్నాడు. పసరు మహిమ అనుకున్నారు. మళ్లీ ఆఫీసుకు వెళ్లిన పదోనాటికి మళ్లీ అదే రంగు. ఈసారి సూరమ్మ పసరు జోలికి పోకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ డాక్టర్ మెహరున్నీసా ఆయన్ని చూసింది. నలభై దాటిన మనిషి, మాటలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఏం తిన్నారు, ఏ మందులు వేసుకున్నారు, ఎక్కడ కూర్చుంటారు, అక్కడ ఏముంటుంది అని అడిగి, రక్తం తీయించి, నాలుగు రోజుల తర్వాత రమ్మంది. వెళ్లాక విడమరిచి చెప్పింది. ఎర్ర రక్తకణాలకు కాపలా కాసే ఎంజైము ఒకటుంటుందట, జీ సిక్స్ పీడీ అని. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. మగవాళ్లకు ఆ క్రోమోజోము తల్లి దగ్గర నుంచే వస్తుంది. తవిటయ్యకు వచ్చిన జన్యువులో చిన్న తేడా ఉంది కాబట్టి ఆ కాపలా పలచబడింది. మామూలుగా దానివల్ల ఏ బాధా ఉండదు, నూరేళ్లు బతకొచ్చు. కొన్నిరకాల మలేరియా మాత్రలు, ఇంకొన్ని మందులు, ఈ కలరా ఉండలు మాత్రం పడవు. తగిలితే కణాలు పగిలిపోతాయి.

"దీనికి మందు లేదు, అక్కర్లేదు కూడా. ఆ ఉండలు తీసేయించండి చాలు," అంది.

ఆఫీసుకు ఇవ్వమని మూడు వాక్యాల ఉత్తరం రాసిచ్చింది. ఈయనకు జీ సిక్స్ పీడీ ఎంజైము తక్కువగా ఉన్నది. రక్తహీనతకు గదిలోని నాఫ్తలీన్ ఉండలు కారణం అయి ఉండవచ్చు. కావున వాటిని తీసివేయించగలరు.

ఇంటికి వస్తూ దారిలో సూరమ్మ, ఈ మాత్రానికి ఉత్తరాలెందుకు, ఆ ఉండలన్నీ గుడ్డలో మూటగట్టి కాలవలో పారేసి రాకూడదా అంది. తవిటయ్య నిర్ఘాంతపోయాడు. అది ప్రభుత్వ ఆస్తి అన్నాడు. ఉత్తరం ఇస్తే రెండ్రోజుల్లో తీసేస్తారు, పద్ధతి ప్రకారం పోదాం అన్నాడు.

పద్ధతి ప్రకారమే పోయింది.

సూపరింటెండెంటు పప్పు భుజంగరావు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇది వైద్య సంబంధమైన విషయమా, సిబ్బంది సంబంధమైనదా, సామగ్రి సంబంధమైనదా అన్నది ముందుగా తేలవలసి ఉన్నదన్నాడు. తేలేదాకా ఆపడం ఇష్టంలేక మూడు నకళ్లు తీయించి మూడు విభాగాలకూ పంపాడు. ఈ చొరవకు తవిటయ్య ఆయనకు దణ్ణం కూడా పెట్టాడు.

మొదటి జవాబు స్టోర్సు నుంచి వచ్చింది, ఐదు వారాలకు. 'సదరు ఎంజైము ఈ కార్యాలయములో కొరతగా ఉన్నట్లు తెలియవచ్చినది. ఈ సంవత్సరమునకు ఎంత పరిమాణము అవసరమగునో, ఇంతకుముందు ఎవరు సరఫరా చేసెడివారో, వాడిన ఖాళీ డబ్బాలు తిరిగి అప్పగించబడినవో లేదో సవివరముగా తెలుపవలెను.' తవిటయ్య రూలు తప్పని మనిషి కాబట్టి దానికి సవివరంగానే జవాబు రాశాడు. ఎంజైము బయట దొరికేది కాదని, ఒంట్లో తయారయ్యేదని, డబ్బాలు లేవని. డబ్బాలు లేవన్న వాక్యం కింద స్టోర్సు వాళ్లు ఎర్ర సిరాతో గీత గీసి, బాధ్యులెవరు అని రాసి పంపారు.

రెండోది సిబ్బంది విభాగం నుంచి. అది జవాబు కాదు, సంజాయిషీ కోరుతూ మెమో. ఉద్యోగంలో చేరేనాడు సమర్పించిన దేహదారుఢ్య పత్రంలో తవిటయ్యకు ఏ లోపమూ లేదని ఉంది. ఇప్పుడు ఉన్నట్లు తానే ఒప్పుకుంటున్నాడు. 'చేరునాటికి సదరు ఎంజైము మీవద్ద ఉన్నదా? ఉన్నచో ఎప్పుడు, ఎక్కడ పోయినది? పోయినట్లు సమీప పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసితిరా? లేనిచో ఆ విషయమును ఇరవై ఆరు సంవత్సరములు ఏల దాచితిరి?'

అది చదివిన రోజు తవిటయ్య అన్నం సరిగా తినలేదు. ఆయన్ని బాధించింది మెమోలోని తెలివితక్కువతనం కాదు. 'దాచితిరి' అన్న మాట. అబద్ధం అనేది ఎరగని మనిషికి అది తగిలింది. కూర్చుని పొందికగా రాశాడు: ఇది పోయినది కాదు, పుట్టుకతో లేనిదే, తల్లి ద్వారా సంక్రమించిన జన్యువు వల్ల, ఇందులో నా తప్పేమీ లేదు.

ఈలోగా ఉండలు పోస్తూనే ఉన్నారు. ఒకసారి ఉండబట్టలేక తన బల్ల చుట్టుపక్కల అరల్లోవి తీసి వరండాలో పెట్టాడు. మర్నాటికల్లా పత్ర పరిరక్షణకు భంగం కలిగించినందుకు ఇంకో మెమో వచ్చింది. డాక్టరు సలహా మీద నెల రోజులు వైద్య సెలవు పెట్టాడు. సెలవు మంజూరు చేయాలంటే జబ్బు ఉందో లేదో వైద్యబృందం చూడాలన్నారు. బృందం చూసేసరికి ఇరవై రోజులైంది. ఇరవై రోజులు ఆ గదికి దూరంగా ఉండడంతో రక్తం పుంజుకుంది, కళ్లు తెల్లబడ్డాయి. ఈయన సంపూర్ణ ఆరోగ్యవంతుడని బృందం ధ్రువీకరించింది. సెలవు రద్దయింది. సెలవులో ఉంటే ఆరోగ్యంగా ఉంటున్నాడు కాబట్టి ఆయనకు సెలవు అవసరం లేదని భుజంగరావు నోటు ఫైలులో రాశాడు.

తల్లి ద్వారా సంక్రమించినది అని తవిటయ్య రాసిన వాక్యం మాత్రం వృథా పోలేదు. ఆ వాక్యాన్ని ఆధారం చేసుకుని, లోపానికి మూలకారకురాలైన వ్యక్తి వాంగ్మూలం తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది.

ఒక గురువారం ఉదయం భుజంగరావు ఒక గుమాస్తాను, సిరాదిండును వెంటబెట్టుకుని తవిటయ్య ఇంటికి వచ్చాడు. తల్లి పైడమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఆఫీసర్లు వచ్చారనగానే కంగారుగా లేచి కొంగు సర్దుకుంది. భుజంగరావు కుర్చీలో కూర్చుని, మీ కుమారునికి ఎంజైము తక్కువగా ఇచ్చిన మాట వాస్తవమేనా అని అడిగాడు. ఆవిడకు అర్థం కాలేదు. తవిటయ్య చెప్పబోతే, సాక్షిని ప్రభావితం చెయ్యకూడదని ఆపాడు. గుమాస్తా కాస్త జాలిపడి, నీ ఒంట్లోంచి నీ కొడుక్కి రావలసింది ఒకటి తక్కువొచ్చిందట ముసలమ్మా, దాని గురించి అన్నాడు.

పైడమ్మ కాసేపు కొడుకు మొహంలోకి చూసింది.

"నాకు సదువు లేదు బాబూ. తొమ్మిది నెల్లు మోసాను, నా నెత్తురు పంచిచ్చాను. దాంట్లో ఏటి తక్కువిచ్చానో నాకెలా తెలుస్తాది. తక్కువిచ్చుంటే తప్పు నాదే, ఆడిదేటీ లేదు. రాసుకోండి."

భుజంగరావు రాసుకున్నాడు. 'గేదెల పైడమ్మ, వయస్సు 76, అను నేను నా కుమారునకు ఎంజైము తక్కువగా ఇచ్చిన మాట వాస్తవమేననియు, తప్పు పూర్తిగా నాదేననియు, ఎవరి ప్రోద్బలమూ లేకుండా అంగీకరించడమైనది.' కింద ఆవిడ వేలిముద్ర వేయించుకున్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి పైడమ్మ ముద్ద ముట్టడం తగ్గించేసింది. ఎవరేమన్నా పలకదు. నాలుగో రోజున తవిటయ్య పక్కన కూర్చుని, నువ్వు ఇవ్వకపోవడం కాదమ్మా, నీకు వచ్చిందే నువ్విచ్చావు, అది ఎవరి తప్పూ కాదు అని నచ్చజెప్పబోయాడు. ఆవిడ అప్పుడు నోరు విప్పింది. ఆవిడ తమ్ముడు సిమ్మన్న, పాతికేళ్లవాడు, కొండ పనికి వెళ్లి మలేరియా తెచ్చుకున్నాడు. మాత్రలు మింగిన మూడోనాటికి ఒళ్లు పసుపెక్కి, నల్లటి మూత్రం పోసి, వారంలో పోయాడు. గాలి సోకిందన్నారు, దిష్టన్నారు. యాభై ఏళ్లుగా ఆవిడా అదే అనుకుంటోంది.

"ఆడికీ ఇదే తక్కువేమోరా," అంది. "మా యమ్మ ఇద్దరికీ ఇచ్చింది. నాను నీకిచ్చాను."

ఈ మాట తవిటయ్య వెళ్లి డాక్టర్ మెహరున్నీసాకు చెప్పాడు. ఆవిడ కలం పట్టుకుని శ్రద్ధగా రాసుకుంది. మలేరియా మాత్రల్లో కొన్ని ఇవ్వబోయే ముందు ఈ పరీక్ష చేయాలనేది ఇందుకేనని, మీ అమ్మగారు చెప్పింది చాలా విలువైన సంగతని అంది. వాంగ్మూలంలో అది లేదు. మేనమామలకు అందులో గడి లేదు.

ఎనిమిదో నెలలో ఫైలు చిట్టచివరికి దక్షిణామూర్తి బల్ల మీదికి చేరింది. ఆయన ఫైలంతా తిరగేసి ఒక్క మాట దగ్గర ఆగాడు. 'ఉండవచ్చు'. వెంటనే ఐదుగురితో సంఘం వేశాడు. ఆ మాట భావం తేల్చడానికి డాక్టరు గారిని కూడా పిలిపించాడు. తవిటయ్యను గుమ్మం దగ్గర నిలబెట్టారు.

ప్రభుత్వం 'ఉండవచ్చు' మీద నడవదని దక్షిణామూర్తి ప్రారంభించాడు. కారణం అయితే అయినదని, కాకుంటే కాదని స్పష్టపరచాలన్నాడు. ఇలాంటి సందిగ్ధ పదజాలం శాస్త్రానికి శోభ కాదన్నాడు. మెహరున్నీసా ఓపిగ్గా విన్నది. శాస్త్రంలో చాలా భాగం ఆ మాట మీదే నడుస్తుందని, ఉండలు తీసేసి నెల రోజులు చూస్తే కారణం అవునో కాదో తనంతట తనే తేలుతుందని చెప్పింది.

"తీసేశాక కారణం తేలితే," అన్నాడు దక్షిణామూర్తి, "తేలకముందే తీసేసినట్లవుతుంది. అది నిబంధనలకు విరుద్ధం."

సంఘ సభ్యులు నలుగురూ తలలూపారు. ఐదో ఆయన ఇంకా ముందుకెళ్లాడు. తీసేయడం కంటే రెట్టింపు చేసి చూడటం శాస్త్రీయమన్నాడు. ఉండలు రెట్టింపైతే జబ్బూ రెట్టింపవుతుందా లేదా అన్నది కొలవవచ్చునన్నాడు. ఈ సూచనను దక్షిణామూర్తి మెచ్చుకుని, పరిశీలనార్థం ఉంచాడు. మెహరున్నీసా లేచి నిలబడి, మీరు చెప్పేదాన్ని శాస్త్రం అనరు, దానికి పోలీసు భాషలో వేరే పేరుంది అని వెళ్లిపోయింది. ఆ మాటను సంఘం కార్యక్రమ వివరాల్లో 'డాక్టరు గారు కృతజ్ఞతలు తెలిపి నిష్క్రమించిరి' అని నమోదు చేశారు.

అయితే సమావేశం నిష్ఫలం అనడానికి లేదు. ఎంజైము అన్న మాట దక్షిణామూర్తికి నచ్చింది. పత్ర పరిరక్షణ పాతబడుతోంది, పై వాళ్లకు చెప్పడానికి కొత్తది కావాలి. రెండు వారాల్లో 'ఎంజైము చైతన్య పక్షోత్సవం' మొదలైంది. గేటుకు బ్యానరు కట్టారు. అరవై ముగ్గురు సిబ్బందీ ఎండలో నిలబడి, నా ఎంజైమును నేను కాపాడుకొందును, నా తోటివారి ఎంజైమును గౌరవింతును అని చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశారు. తవిటయ్య కూడా చేశాడు, కళ్లు తిరుగుతుంటే గోడ పట్టుకుని. ఆ మీదట అందరికీ రక్తపరీక్షలు చేయిస్తామని, ఎంజైము లోపించిన వారికి కిటికీ పక్కన సీటూ తేలికపాటి పనీ ఇస్తామని ప్రకటించారు.

ఆ ప్రకటనతో ఆఫీసు లేచి కూర్చుంది. పరీక్ష కాకముందే నలభై ఒక్కమంది తమకు ఎంజైము లేదని ధ్రువపత్రాలు తెచ్చుకున్నారు. కొన్ని తహసీల్దారు ఇచ్చినవి, ఇరుగుపొరుగును స్థానికంగా విచారించిన మీదట. ఉద్యోగుల సంఘం నాయకుడు జోగారావు గేటు ముందు టెంటు వేయించి, ఎంజైము ఉన్నవాళ్ల మీద పనిభారం మోపడం అన్యాయమని, లేనివాళ్లకు దక్కేవన్నీ ఉన్నవాళ్లకూ దక్కాలని ఉపన్యసించాడు. టెంటు కిందికి రెండు వర్గాల వాళ్లూ వచ్చారు. తేలికపాటి పని అనగా ఏమిటని తేల్చడానికి ఇంకో సంఘం వేశారు. అది ఆఫీసులో ఇప్పటికే జరుగుతున్న పని కంటే తేలికైనదాన్ని ఊహించలేక గడువు పొడిగింపు అడిగింది.

పరీక్షల ఫలితాలు సీలు కవరులో వచ్చాయి. నిజంగా ఆ లోపం ఉన్నవాళ్లు ముగ్గురే. ఒకరు తవిటయ్య. రెండో ఆయన డ్రైవరు, అప్పటికే రిటైరై వెళ్లిపోయాడు. మూడో పేరు వెంపరాల దక్షిణామూర్తి.

దక్షిణామూర్తికి ఉన్నది చాలా స్వల్పమైన లోపమని, గాభరా పడక్కర్లేదని ఆసుపత్రి కాగితంలో స్పష్టంగా ఉంది. ఆయన అంతదాకా చదవలేదు. పేరు చూడగానే గంట కొట్టాడు. ఆయన చాంబరులో, చాంబరు వెనక గదిలో, స్నానాల గదిలో ఉన్న ఉండలన్నీ ముప్పావుగంటలో ఖాళీ అయిపోయాయి. నేలలు కడిగారు, కిటికీలు తెరిచారు, తెరలు ఉతకడానికి వేశారు. ఇందుకు ఏ విభాగమూ అడ్డు చెప్పలేదు. ఏ సంఘమూ కూర్చోలేదు. 'ఉండవచ్చు' అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు.

తీసిన ఉండలు ఏం చెయ్యాలన్నదే చిక్కు. ప్రభుత్వ ఆస్తి, పారవేయరాదు. భుజంగరావు బుర్ర అప్పుడు పనిచేసింది. రికార్డు గదిలో రెట్టింపు చేసి చూడాలన్న సూచన పరిశీలనలో ఉంది కదా. ఇవి అక్కడికి తరలిస్తే ఆస్తీ కాపాడినట్టుంటుంది, శాస్త్రమూ నెరవేరుతుంది. ఊడ్చే మనిషి గున్నమ్మ చేత రెండు గోనెసంచులు కిందికి దింపించాడు. గున్నమ్మ వాటిని గుమ్మంలో దించి, తవిటయ్యతో గొంతు తగ్గించి, అయ్యగారికీ నీకు లేనిదే లేదంట బావూ, అందుకే ఇవి నీకాడికి పంపేరు అంది.

తవిటయ్య ఆ సంచుల వంక చూశాడు. అప్పుడైనా లేచి బయటికి పోవలసింది. ఇరవై ఆరేళ్ల అలవాటు ఆయన్ని కుర్చీలోనే కూర్చోబెట్టింది. ఐదు గంటలు కాకుండా ఎలా వెళ్తాడు. స్టోర్సు వాళ్లు అరల్లో ఉండలు సర్దుతుంటే ఏ అరలో ఎన్నో రాసుకున్నాడు. ఆరో రోజు మధ్యాహ్నం ఒక రైతుకు పాత పట్టా నకలు తీసిస్తూ కాగితాల బస్తాల మీదికి ఒరిగిపోయాడు.

ఆసుపత్రిలో రెండు సీసాల రక్తం ఎక్కించారు. మొదటి రెండు రోజులూ బతుకు మీద ఆశ లేదన్నట్టే చూశారు. సూరమ్మ మంచం విడిచి కదల్లేదు. పైడమ్మ వరండాలో కూర్చుని, నా నెత్తురు తీసి ఎక్కించండి అని వచ్చిన నర్సునల్లా అడిగింది. మెహరున్నీసా ఈసారి ఒకే వాక్యం రాసి ఆఫీసుకు పంపింది. నాఫ్తలీన్ వల్ల ఈయన చావు దాకా వెళ్లి వచ్చాడు, అందులో సందేహం లేదు. ఉత్తరం రెండో రోజున తిరిగి వచ్చింది. సంఘం పరిశీలనలో ఉన్న అంశంపై ముందుగా నిర్ధారణకు రావడం సముచితం కాదని దాని మీద రాసి ఉంది.

ఆ ఉత్తరం తవిటయ్య మంచం మీదే చదివాడు. కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని, పసరు పోయించినప్పుడు నువ్వు చెప్పిన మాట వినవలసింది అన్నాడు సూరమ్మతో. నేను కాలవలో పారెయ్యమన్నది పసరప్పుడు కాదు, డాక్టరమ్మ ఉత్తరం ఇచ్చినప్పుడు అని ఆవిడ సరిదిద్దింది. ఆయన ఒప్పుకున్నాడు.

పదో రోజున, సోమవారం, ఆఫీసుకు వెళ్లాడు. సూరమ్మ వెంట వెళ్లింది, మూతలున్న మూడు ప్లాస్టిక్ బకెట్లు పట్టుకుని. ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గున్నమ్మా తనూ కలిసి రికార్డు గదిలోని ఉండలు మూడు బకెట్లూ నిండేదాకా ఏరారు. భుజంగరావు వచ్చి ఇదేమిటని అడిగాడు. తీసుకెళ్లి అప్పజెబుతున్నామని సూరమ్మ చెప్పింది. అప్పజెప్పడం అన్న మాట పద్ధతి ప్రకారం ఉన్నట్టు తోచి ఆయన అభ్యంతరం ఏం పెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

తవిటయ్య ఈలోగా వరండాలో కూర్చుని, ముఖానికి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, ఉత్తరం రాశాడు. 'రికార్డు గదిలో గల, ప్రభుత్వ ఆస్తియైన నాఫ్తలీన్ ఉండలు మూడు బకెట్లు తమ సమక్షమున అప్పగించుచున్నాను. ముట్టినట్లు సంతకము చేయించ ప్రార్థన.' తేదీ వేశాడు, సంతకం చేశాడు, ఊరి పేరు రాశాడు.

ఆడవాళ్లిద్దరూ బకెట్లు దక్షిణామూర్తి బల్ల మీద వరసగా పెట్టారు. మూతలు బిగించే ఉన్నాయి. కానీ వాసన మూతలకు లొంగేది కాదు. దక్షిణామూర్తి చదువుతున్న కాగితం మీంచి తల ఎత్తి, ఒక్క క్షణం ముక్కుపుటాలు కదిలించి, కుర్చీ వెనక్కి తోసుకుని గోడకు ఆనుకున్నాడు. జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. వీటిని ఇక్కడినుంచి తీసెయ్యమన్నాడు.

తవిటయ్య గుమ్మం దగ్గరే, గాలి తగిలే చోట నిలబడ్డాడు. నోటిమాట మీద ఏదీ చెయ్యలేనని, రాతపూర్వకంగా ఇప్పించమని వినయంగా అన్నాడు. ఇది ఏ విభాగం పనో తేలాలని దక్షిణామూర్తి అలవాటుకొద్దీ అన్నాడు. తేలాలంటే బహుశా మూతలు తీసి చూడాల్సి ఉంటుందని తవిటయ్య అన్నాడు. సూరమ్మ మొదటి బకెట్టు మీద చెయ్యి వేసింది.

దక్షిణామూర్తి రుమాలు వెనకనుంచి, తనకు ఆరోగ్యం బాగాలేదని, ఇది అమానుషమని ఏదో అన్నాడు.

"తమరికి ఎంత తక్కువుందో నాకు తెలియదండి," అన్నాడు తవిటయ్య. "నాకూ అదే తక్కువ. నాకు రెండు సీసాల నెత్తురు ఎక్కించారండి. పద్నాలుగు నెలలుగా నేను ఆ గదిలో కూర్చున్నాను, తమరు ఆరు నిమిషాలు కూర్చోలేరా అండి."

కూర్చోలేకపోయాడు. నిలబడే రాశాడు, కిటికీలోంచి తల సగం బయటపెట్టి, కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని. ఈ కార్యాలయములోని నాఫ్తలీన్ ఉండలన్నియు తక్షణము తొలగించి ఊరి వెలుపల పాతిపెట్టవలెను, కిటికీలు తెరువవలెను. సంతకం వంకర పోయింది. తవిటయ్య ఆ కాగితం తీసుకుని, తేదీ వెయ్యమని మళ్లీ ఇచ్చాడు. వేశాడు.

ఆ సాయంత్రానికి చెక్కలు ఊడదీసి కిటికీలు తెరిచారు. రెండు నెలలకు తవిటయ్య రక్తం మామూలుకొచ్చింది. ఆఫీసు కూడా ఊరుకోలేదు. అనుమతి లేకుండా బకెట్లు లోపలికి తెచ్చినందుకు ఆయన్ని మందలిస్తూ మెమో వచ్చింది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ఎంజైము లోపించిన ఉద్యోగి పట్ల చూపిన మానవీయ దృక్పథానికీ, సత్వర నిర్ణయానికీ దక్షిణామూర్తికి ప్రశంసాపత్రం ఇచ్చారు. చుట్టుపక్కల జిల్లాల వాళ్లు వచ్చి ఆ ఉత్తర్వు నకలు తీసుకెళ్లారు. ఆయన ఆ ప్రశంసాపత్రం పట్టుకుని పైస్థాయికి బదిలీ అయిపోయాడు. అక్కడ ఇప్పుడు నిద్ర మీద ఏదో నడుపుతున్నాడని వినికిడి.

తవిటయ్యకు ఒక్కటే మిగిలింది. తల్లి చేత ఒప్పించిన ఆ వాంగ్మూలం ఫైలులో అలాగే ఉంది. తప్పు పూర్తిగా నాదే అన్న మాట, కింద ఆవిడ వేలిముద్ర. దాన్ని తొలగించమని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. నమోదైన వాంగ్మూలమును మార్చుటకు గాని తొలగించుటకు గాని వీలులేదని, ముప్పై సంవత్సరముల అనంతరం నిబంధనల ప్రకారం దగ్ధము చేయవచ్చునని మూడుసార్లూ ఒకటే జవాబు. పైడమ్మకు డెబ్బై ఏడు వచ్చాయి.

ఆ శీతాకాలంలో ఎంజైము వ్యవహారం ముగిసినదని తీర్మానించి, ఫైలును శాశ్వత భద్రత నిమిత్తం రికార్డు గదికి పంపారు. ఆరువందల పద్నాలుగు పుటలు. తవిటయ్య దాన్ని బల్ల మీద పెట్టుకుని, వరస ప్రకారం పుటలు సరిచూశాడు. రెండువందల పన్నెండో పుట దగ్గర ఆగి, ఆ కాగితాన్ని అంచు దగ్గర పట్టుకుని, చిరుగు వంకరపోకుండా నెమ్మదిగా చింపాడు. ఇరవై ఏడేళ్ల కొలువులో ఆయన ఒక ఫైలులోంచి కాగితం తీయడం అదే మొదటిసారి. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, పొయ్యి ముందు కూర్చున్న తల్లి చేతికిచ్చాడు. ఆవిడకు చదువు రాదు గాని తన వేలిముద్రను గుర్తుపట్టింది. పొయ్యిలో పెట్టి, అది కాలేదాకా చూసి, నాకూ రెండు ముద్దలు పెట్టండి అంది.

మర్నాడు ఆయన ఎప్పటికంటే ముందుగా ఆఫీసుకు వెళ్లి, ఫైలును ఎర్రగుడ్డలో మూటగట్టి, రిజిస్టరు తీశాడు. అందిన పుటలు: ఆరువందల పదమూడు. లోపించినవి: ఒకటి. ఆ పక్కన, ఎప్పుడు పోయినది, ఎలా పోయినది అని కారణం రాయడానికి ఒక గడి ఉంది. తవిటయ్య కలం విదిలించి, గుండ్రటి అక్షరాలతో, 'పుట్టుకతోనే లేదు' అని రాసి సంతకం చేశాడు.